గోనెగుడ్డ మీద రెండు మంటలు

మా ఆయన ఓస్వాల్దో ఇరవై ఆరేళ్లుగా మంటలకు ఫొటోలు తీస్తున్నాడు. నాకు తీసినవి మూడు. మూడింట్లోనూ నా ముఖం అలుక్కుపోయి ఉంటుంది. "మంట చెప్పినట్టు వింటుంది. నువ్వే కదులుతావు" అంటాడు.

ఆయన ఉద్యోగం వల్పరయీసో రేవుకు ఎగువన ఒక విశ్వవిద్యాలయంలో, మంటల ప్రయోగశాలలో. అక్కడ మంచమంత ఇనుపబల్ల ఒకటుంది. ఒకవైపు పైకెత్తితే అది మా కొండవాలు అయిపోతుంది. దాని మీద ఎండిన పైన్ ఆకులు పరిచి, ఓ చివర అంటించి, పక్కనున్న గాజుపలకలోంచి వేడిని చూసే కెమెరాతో ఫొటోలు తీస్తారు. ఎంత వేడికి ఏ రంగో కంప్యూటరు వేస్తుంది. నడిమధ్య తెలుపు, చుట్టూ పసుపు, ఆపైన గులాబీ, అంచుల్లో ఊదా, నీలం. నేనూ రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్నే. పెళ్లయ్యాక ఆ శాస్త్రమంతా వెనిగరుకీ, వంటసోడాకీ, మాడిన గిన్నెలకీ ఖర్చుపెట్టాను. గిన్నెలు మాత్రం తళతళలాడతాయి.

మా కొండ మీద సంఘం గదిలో గురువారం గురువారం తొమ్మిదిమంది ఆడవాళ్లం చేరి, గోనెగుడ్డ మీద పాతబట్టల ముక్కలూ ఊలుదారమూ కలిపి బొమ్మలు కుడతాం. మా అమ్మల నుంచి వచ్చిన పని ఇది. సైన్యం ఏలుబడిలో, నోరు విప్పితే మనిషి మాయమయ్యే రోజుల్లో వాళ్లు, ఇంటికి తిరిగిరాని కొడుకుల చొక్కాలు కత్తిరించి బొమ్మలు కుట్టారు. బొమ్మ వెనక చిన్న జేబు పెట్టి, జరిగిందేమిటో కాగితం మీద రాసి అందులో దాచారు. రోజులు మారాయి కానీ జేబు పోలేదు. ఇప్పుడు అందులో "ఇది మా మేక, పేరు బ్లాంకా, కుడికన్ను కనబడదు" లాంటి నిజాలు కూడా పెడుతున్నాం.

ఈ ఏడు జూన్‌లో, అంటే మా చలికాలంలో, విశ్వవిద్యాలయం నుంచి ఫ్లోరెన్సియా అనే అమ్మాయి వచ్చింది. ప్రయోగశాల తీసిన మంటల ఫొటోలను మా చేత కుట్టించి ప్రదర్శన పెట్టాలని ఆమె ఆలోచన. ఫొటోలు ఎంచే పని ఓస్వాల్దోకి పడింది. ఆయన వేల ఫొటోల్లోంచి తొమ్మిది తీసి, మూలల్లో ఉన్న అంకెలూ కొలతగీతలూ కత్తిరించేసి, పెద్దవిగా అచ్చువేయించి ఇచ్చాడు. అందంగా ఉన్నాయా లేదా అన్నది తప్ప ఇంకేమీ చూడలేదు. మగవాళ్లు ఈ తప్పు మామూలుగా పడుచు వయసులో చేసి ఊరుకుంటారు.

ఫొటోలు చూసి మా వాళ్లు విరుచుకుపడ్డారు.

"ఊదారంగు మంటేంటే పిల్లా? నా ఇల్లు రెండుసార్లు తగలబడింది. ఒక్కసారీ ఊదాగా లేదు" అంది ఒలాయా. మాలో అందరికన్నా పెద్దది, డెబ్భై దాటిన మనిషి.

"అది వేడికి గుర్తండీ. అసలు రంగు కాదు" అంది ఫ్లోరెన్సియా.

"నా జుట్టులాగన్నమాట" అంది ఒలాయా.

చీట్లేసి పంచుకున్నాం. అందరి కన్నూ ఒక్క ఫొటో మీదే పడింది. అందులో రెండు మంటలు. ఒకటి కింద నుంచి పైకి వాలింది, ఇంకోటి పై నుంచి కిందికి. కొసలు తాకీ తాకనట్టు, మధ్యన తెల్లటి సన్నని సందు. ఫ్లోరెన్సియా అప్పటికే దానికి పేరు పెట్టేసింది. "ముద్దు" అట.

చీటీలో అది నోల్ఫాకి వచ్చింది.

నోల్ఫా కొడుకు ఇస్మాయెల్‌కి జ్ఞానస్నానం చేయించిన రోజు వాణ్ని చేతుల్లో ఎత్తుకున్నది నేను. ఆ లెక్కన వాడికి నేను రెండో తల్లిని, నోల్ఫాకి కొమాద్రెని. మేమిద్దరం ఒకరినొకరు అలాగే పిలుచుకుంటాం. ఇస్మాయెల్ మా కొండ మీది అగ్నిమాపక కంపెనీలో చేరాడు. మా దేశంలో మంటలార్పేవాళ్లకు జీతం ఉండదు. బూట్లు కూడా వీధిలో చందాలడిగి కొనుక్కుంటారు. వాళ్లకు దక్కేది ఒక్కటే. పనిలో ఉండగా చనిపోతే, ఏటా కంపెనీ పుట్టినరోజున హాజరు పిలిచేటప్పుడు, బతికున్నవాళ్ల కన్నా ముందు ఆ పేరు పిలుస్తారు. కంపెనీ అంతా లేచి నిలబడి ఒక్క గొంతుతో "సేవలో మరణించాడు!" అని బదులిస్తుంది. కంపెనీ ఉన్నంతకాలం, ప్రతి ఏడూ.

ఇస్మాయెల్ కౌజుపిట్టల లోయలో కాలిపోయి మూడేళ్లు కావస్తోంది. ఇరవై మూడేళ్లవాడు. వాడి పేరు పిలవలేదు. వెనక్కి రమ్మన్న ఆజ్ఞను ధిక్కరించి తనంతట తానే లోయలోకి దిగాడనీ, కింద నుంచి మంట ఎక్కివచ్చి అందుకుందనీ విచారణ సంఘం తేల్చింది. కనుక అది సేవ కాదు, పెంకితనం. నోల్ఫా రెండు పుట్టినరోజులు కంపెనీ హాలు చివర నిలబడి, ఎవరెవరి పిల్లల పేర్లో విని ఇంటికొచ్చింది. ఆమె ఇస్త్రీ చేసి బతుకుతుంది. కంపెనీ వాళ్ల కవాతు కోట్లు, ఇత్తడి గుండీలవి, అన్నీ ఆమే చేస్తుంది. కెప్టెన్ రిఫ్ఫో కోటు కూడా. తీర్పు వచ్చిన వారం కూడా చేసింది.

"ఎలా చేయగలిగావే?" అని అడిగాను అప్పట్లో.

"చేతులకి తెలీదు కదా" అంది.

ఆమెకు ఇంక ఈ లోకంలో కావలసింది ఒక్కటే. ఆ హాల్లో ఆ పేరు వినబడాలి.

మంటల అడుగున నీలం కావాలి కదా, అందుకు నోల్ఫా ఇస్మాయెల్ చొక్కా తెచ్చింది. ఒలాయా కత్తెర పదును వేలితో చూసి అందించింది.

కుట్టుపనిలో ఒక నియమం ఉంది. మంట ఎటు వాలితే దారం అటే పోవాలి. లేకపోతే మంట కాస్తా క్యాబేజీ అవుతుంది. మూడో గురువారం నోల్ఫా సూది ఆపింది.

"కొమాద్రే, ఈ కాగితం తలకిందులుగా అచ్చేశారేమో."

"ఎందుకే?"

"కింది మంట పైకి పోతోంది. సరే. పైది కిందికెందుకొస్తోంది?"

"గాలేమో."

"గాలైతే రెండింటినీ ఒకేవైపు తొయ్యాలిగా. ఒకే తీగ మీద ఆరేసిన చొక్కా అటూ, లంగా ఇటూ ఎగురుతాయా?"

ఒలాయా కళ్లజోడు నుదుటి మీంచి దించుకుని వంగి చూసింది. "కొండ మీద మంట పైకే పాకుద్ది. ఈ సంగతి మా కోడిపెట్టకి కూడా తెలుసు. పైన ఎవడో వేరే అంటిస్తే తప్ప ఇలా రాదు" అంది.

గదిలో సూదులు ఆగిపోయాయి. పైన అంటించడమంటే ఏమిటో మా కొండ మీద ఎవరికీ చెప్పనక్కర్లేదు. కింద నుంచి వచ్చే మంటకు తిండి లేకుండా చేయడానికి, పై అంచున ఉన్న పొదల్ని ముందే కాల్చేస్తారు. ఎదురుమంట అంటారు దాన్ని. రెండూ దగ్గరపడ్డాక ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ మధ్యలో ఉన్నదానికి ఇక దారి ఉండదు.

నోల్ఫా మిగిలిన గంటసేపూ కింది మంటే కుట్టింది.

ఆ సాయంత్రం టీ పెట్టి, రొట్టె వేడిచేసి, ఓస్వాల్దో ముందు అవకాడో పెట్టాను.

"ఆ ముద్దు ఎక్కడిది?" అన్నాను.

"ఏ ముద్దు?" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం తర్వాత ఆ ప్రశ్నకు అది న్యాయమైన జవాబే.

"నోల్ఫా కుడుతున్న ఫొటో. రెండు మంటలది."

ఆయన కత్తి అవకాడో మధ్యలో ఆగింది. "అది నోల్ఫాకెళ్లిందా?"

"చీటీలో."

"ఇంకెవరికన్నా మార్చెయ్."

"ఎందుకు?"

మా ఆయన అబద్ధమాడాల్సి వస్తే శాస్త్రం మాట్లాడతాడు. బల్ల వాలు ముప్పై డిగ్రీలన్నాడు. ఆకుల్లో తేమ నూటికి ఆరు పాళ్లన్నాడు. నేను రొట్టెల బుట్ట ఆయన ముందు నుంచి తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"విచారణవాళ్లు ఆ లోయని బల్ల మీద కట్టి చూడమన్నారు" అన్నాడు చివరికి. "రెండు రకాలుగా చేశాం. కింద ఒక్క మంటతో ఓసారి. పైన కూడా అంటించి ఇంకోసారి. లోయలో బండలకి ఏ పక్క మసి పట్టిందో ఫొటోలున్నాయి కదా, వాటితో పోల్చి చూశాం. రెండోదే సరిపోయింది. మొదటిది ఎంత చేసినా సరిపోలేదు. రెండూ పంపించాం. పైన ఎవరూ అంటించలేదని రిఫ్ఫో ప్రమాణం చేశాడు. వాళ్లు మొదటిదే చదివారు."

"నువ్వేం చేశావు?"

"బయట మాట్లాడనని సంతకం పెట్టాను."

"నోల్ఫా ఈ బల్ల దగ్గరే కూర్చుని ఎన్నిసార్లు టీ తాగిందో లెక్కుందా?"

"ఉద్యోగం, మిరేయా. పింఛనుకి ఇంకా నాలుగేళ్లుంది."

"మరి ఆ ఫొటోనే ఏరి మా చేతికిచ్చావు."

"అంకెలు తీసేశాక ఏది ఏదో నాకే గుర్తులేదు. నిజంగా. అందంగా ఉంది, తీశాను." అలా అని ఆయన తినకుండా కూర్చున్నాడు. కోసిన అవకాడో నల్లబడే దాకా దాన్నే చూస్తున్నాడు.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ సంతకం తెచ్చిన జీతంతో కొన్న బంగాళాదుంపలు వండింది నేనే. తిని, గిన్నెలు తళతళలాడించిందీ నేనే.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఇల్లు కడిగాను. చెబితే ఆయన ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే నోల్ఫా తన కొడుకును తిన్న మంటను, ఆ కొడుకు చొక్కాతోనే కుట్టి, ముద్దు అన్న పేరుకింద గోడకు తగిలిస్తుంది. ఇక కడగడానికి గోడలు కూడా మిగల్లేదు. శనివారం పొద్దున ఆమె ఇంటికి వెళ్లాను. ఇస్త్రీబల్ల మీద కోటు పరిచి ఉంది. నిలబడే చెప్పాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టలేదు.

"కెప్టెన్ చెప్పందే పైన ఎవరూ అంటించరు కదా" అంది.

"అంటించరు."

"అంటించే ముందు హాజరు పిలవాలి. కింద ఎవరూ మిగల్లేదని తెలిశాకే నిప్పు పెట్టాలి. ఇస్మాయెల్ చెప్పి నవ్వేవాడు. 'అమ్మా, దేవుడి కన్నా కెప్టెనే నా పేరు ఎక్కువసార్లు పిలుస్తాడు' అని." కోటు చేతిని సవరించి, పెట్టె మళ్లీ లాగింది. "ఆ రోజు పిలిచుంటే వీడు పలికేవాడు కాదు. పలక్కపోతే అంటించేవాళ్లు కాదు. వెనక్కి రమ్మన్నామని రాశారు చూడు. పేరే పిలవని వాణ్ని వెనక్కి ఎలా రమ్మన్నారు, కొమాద్రే?"

ఆమె కోటు చేతులు పూర్తిచేసి, గుండీలు బట్టతో రుద్ది, హ్యాంగరుకు తగిలించింది. అది రిఫ్ఫో కోటు. ఒక్క ముడత లేదు. కాస్త కాల్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"పత్రికకి చెబుదామా?" అన్నాను.

"నీ మొగుడి కూడు పోద్ది. వీళ్లు మళ్లీ విచారణ వేస్తారు. మళ్లీ రెండేళ్లు. నాకు వాళ్ల తప్పు వద్దే, వాడి పేరు కావాలి." ఇస్త్రీబల్ల మడుస్తూ, "బొమ్మకి జేబుందిగా" అంది. "నీ రాత గుండ్రంగా ఉంటది. నువ్వు రాయి."

ఆమె చెప్పింది, నేను రాశాను:

'ఈ బొమ్మలో మంటలు రెండు. కిందది దానంతట అదే వచ్చింది. పైది మనుషులు పెట్టారు. పెట్టేముందు పేర్లు పిలవలేదు. ఈ నీలం ఇస్మాయెల్ తాపియా కార్కమో చొక్కా. ఇట్లు, వాడి తల్లి.'

"రిఫ్ఫో పేరు కూడా రాయనా?"

"అక్కర్లా. చదివినోడికి తెలుస్తది."

ప్రదర్శన నవంబరులో పెట్టారు, కంపెనీ పుట్టినరోజుకు ముందు శనివారం. విశ్వవిద్యాలయం వరండాలో తొమ్మిది మంటలు వరసగా వేలాడాయి. చిన్న గ్లాసుల్లో వైను, చిన్న పళ్లేల్లో ఇంకా చిన్న సమోసాల్లాంటి ఎంపనాదాలు. మంటల ప్రదర్శన కనుక మంటలార్పేవాళ్లను పిలవాలి కదా, ఫ్లోరెన్సియా కెప్టెన్ రిఫ్ఫోను పిలిచింది. ఆయన కవాతు కోటు వేసుకుని వచ్చాడు. కోటు అద్భుతంగా ఉంది.

ఓస్వాల్దో ఆ మూల స్తంభం పక్కన నిలబడ్డాడు, తన పెళ్లికి తానే ఆలస్యంగా వచ్చినవాడిలా. నోల్ఫాకి చెప్పేశానని నేను ఆయనతో అనలేదు. ఆయనేమీ అడగలేదు.

రిఫ్ఫో ఒక్కొక్కటే చూస్తూ వచ్చి నోల్ఫా బొమ్మ ముందు ఆగాడు. చెడ్డవాడు కాదు ఆయన, ఆ మాట చెప్పాలి. మా ఇంటి కొళాయి పగిలినప్పుడు వర్షంలో వచ్చి బాగుచేశాడు. లోయ తగలబడిన రోజు పైరోడ్డు మీద పద్దెనిమిది ఇళ్లున్నాయి, అన్నీ నిలిచాయి.

"సెన్యోరా నోల్ఫా, మీ చేతులు బంగారం" అన్నాడు. "ఇది మా హాల్లో ఉండాలి. కంపెనీ తరఫున అడుగుతున్నాను. అమ్ముతారా?"

"అమ్మను కెప్టెన్. ఊరికే ఇస్తాను. కానీ మాకో ఆచారముంది. తీసుకునేవాడు వెనక జేబులో కాగితం చదవాలి. పైకి చదవక్కర్లేదు."

అలాంటి ఆచారం మాకు లేదు.

"మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది" అంది ఒలాయా తడుముకోకుండా, ఎంపనాదా నములుతూ.

"ఎంత గొప్ప సంప్రదాయం!" అంటూ ఫ్లోరెన్సియా ఫొటో కోసం ఫోను తీసింది.

రిఫ్ఫో బొమ్మ వెనక చేయి పెట్టి, కాగితం తీసి విప్పాడు. చిన్న కాగితం. మళ్లీ మొదటి నుంచి చదివాడు. మెడ దగ్గరి గుండీకి చేయి పోయి, మళ్లీ కిందికి దిగింది. తలెత్తి బొమ్మను చూశాడు. ఈసారి రంగులు చూడలేదు. పై మంటను చూశాడు, అది ఎటు వాలిందో చూశాడు.

"మీకేం కావాలి?" అన్నాడు, నోల్ఫాకీ, ఒలాయాకీ, నాకూ తప్ప వినబడకుండా.

"రేపటి హాజరు" అంది నోల్ఫా.

"తీర్పు ఉంది కదమ్మా. అది నా ఒక్కడి చేతిలో లేదు."

"ఆ రోజు ఉందిగా."

"ఇద్దరూ ఒక్కసారి ఇటు చూడండి, నవ్వండి!" అంది ఫ్లోరెన్సియా. ఆ ఫొటో ఇప్పుడు విశ్వవిద్యాలయం గోడ మీద ఉంది. నోల్ఫా ఒక్కతే కెమెరా వైపు చూస్తోంది.

ఆదివారం పొద్దున కంపెనీ హాలు నిండిపోయింది. వేదిక వెనక గోడకు అప్పుడే మేకు కొట్టి బొమ్మను వేలాడదీశారు. మేకు కొద్దిగా వంకర. కార్యదర్శి చనిపోయినవాళ్ల పేర్లు చదివాడు. పాతవి, వందేళ్ల నాటివి, తర్వాతవి. ప్రతి పేరుకూ గోడలదిరేలా జవాబు. చివరి పేరు అయిపోయాక అలవాటుగా కాగితం తిప్పబోయి, పెన్నుతో చేర్చిన ఒక వరస దగ్గర ఆగాడు.

"ఇస్మాయెల్ తాపియా కార్కమో."

"సేవలో మరణించాడు!"

నలభై గొంతులు. రిఫ్ఫో గొంతు అన్నింటికన్నా గట్టిగా వినిపించింది. నోల్ఫా హాలు చివర, రెండేళ్లూ నిలబడ్డ చోటనే నిలబడి ఉంది. ఏడవలేదు. నా చేయి పట్టుకుంది. వేళ్ల మీద సూదిపోట్లు గరుకుగా తగిలాయి.

అందరూ కేకు వైపు నడిచాక, నేను గోడ దగ్గరికి పోయి ధూళి దులిపినట్టు బొమ్మ వెనక చేయి పెట్టాను. జేబు ఖాళీ.

కొండ ఎక్కుతూ ఆ సంగతి చెప్పాను.

"తీసేస్తాడని తెలుసు" అంది.

"వాడి పేరు విన్నావు కదా. చాలా?"

నోల్ఫా మెట్ల మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంది. కింద సముద్రం మీద ఓడ ఒకటి ఎటూ కదలకుండా ఉంది. "చాలనే అనుకున్నాను" అంది. "వింటే బరువు దిగుద్దనుకున్నా. వాళ్లు అరుస్తుంటే, ఈ గొంతులన్నీ ఆ రోజు ఎక్కడున్నాయా అనిపించింది. ఒక్కడు, ఒక్కసారి ఇలా అరిచుంటే చాలు కదే."

మిగిలిన మెట్లు లెక్కపెడుతూ ఎక్కాను. నూట అరవై రెండు.

గురువారం ఆమె సంఘం గదికి మిగిలిన చొక్కా ముక్క తెచ్చింది. ఎడమ చేయి, కాలరు.

"ఇంకోటి కుడతా. ఇది అందరూ చూసేచోట పెట్టాలి. బజారులోనో, చర్చి గుమ్మం దగ్గరో. జేబు పెద్దది పెడతాను."

నేను సూది కింద పెట్టాను. "పేరు పిలిపించుకుని ఊరుకుంటానని మాటిచ్చావు కదే?"

"నేనేం మాటివ్వలేదు" అంది దారం పళ్లతో తెంచుతూ. "కెప్టెన్ అడగలేదు. కంగారులో మర్చిపోయాడు. ఆయనకది అలవాటే."

ఒలాయా నవ్వబోయి, నవ్వలేక, కళ్లజోడు తుడుచుకుంది.

ఇబ్బంది ఒకటే. ఫొటోలన్నీ ఫ్లోరెన్సియా వెనక్కి తీసుకుపోయింది. ఆ సాయంత్రం టీ పోస్తూ, నోల్ఫాకి ఆ ఫొటో మళ్లీ కావాలట అన్నాను, ఎండు మిరపకాయలు అయిపోయాయని చెప్పే గొంతుతో. ఓస్వాల్దో టీ తాగాడు. లేచి పడుకున్నాడు. వారమంతా ఆ మాట ఎత్తలేదు. నేను వంటింట్లో అన్ని గిన్నెలూ రెండేసిసార్లు తోమాను.

తర్వాతి గురువారం పొద్దున ఆయన పనికి వెళ్లాక బల్ల సర్దుతుంటే రొట్టెల బుట్ట కింద ఏదో తగిలింది. రెండు మంటల ఫొటో. ఈసారి మొత్తం ఉంది. ఎడమ మూల తేదీ, విచారణకు పంపిన నివేదిక సంఖ్య. కుడి మూల సెకన్లు. కింద కొలతగీత. దాని పక్కన చిన్న అక్షరాల్లో: 'రెండో విధానం. పైన కూడా అంటించినది.' ఆ కింద, ఫొటో తీసినవాడి పేరు.

అంచులు ఎక్కడా కత్తిరించలేదు.